పాత కంప్యూటర్ వీడియో క్యాప్చర్: రంగు పోవడం, చారలు పడటం, స్ప్రైట్లు (ఆటలో కదిలే బొమ్మలు) మాయమవడం

కేబుల్ మార్చకముందే, కంప్యూటర్ మూత విప్పకముందే, క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో స్టాండర్డ్ ఏముందో చూడండి. పాల్, ఎన్‌టీఎస్‌సీ అనేవి రెండు పాత టీవీ పద్ధతులు. పాల్ మెషీన్‌కి డాంగిల్ (వీడియో సిగ్నల్‌ను లాప్‌టాప్‌లోకి తీసుకునే యూఎస్‌బీ పరికరం) ఎన్‌టీఎస్‌సీలో ఉంటే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగు పోతుంది. ఇది అర నిమిషం పని. ఇది చూడకుండా కొత్త డాంగిల్ కొన్నవాళ్లను చాలామందిని చూశాను, అందుకే మొదట చెబుతున్నాను.

బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది

స్టాండర్డ్ సరిగానే ఉంటే ఇన్‌పుట్ చూడండి. కాంపోజిట్ (రంగు, వెలుగు కలిసి ఒకే తీగలో వచ్చే సిగ్నల్) వైరు పెట్టి సాఫ్ట్‌వేర్‌లో ఎస్-వీడియో (ఆ రెండూ వేర్వేరు తీగల్లో వచ్చేది) ఎంచుకుంటే రంగు రాదు. మీది అమిగా 500 అయితే అసలు రిపేరే లేదు. దాని కాంపోజిట్ సాకెట్ ఇచ్చేదే నలుపు తెలుపు సిగ్నల్. రంగు కావాలంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఇచ్చే) సాకెట్ నుంచి తీసుకోవాలి.

అక్షరాల అంచుల్లో రంగు చుక్కలు పాకుతున్నాయి

అది కాంపోజిట్ స్వభావం, సెట్టింగులతో పూర్తిగా పోదు. కమోడోర్ 64లో 8 పిన్నుల వీడియో సాకెట్ ఉంటే ఎస్-వీడియో కేబుల్ వాడండి. దాని రంగు సిగ్నల్ కాస్త బలంగా ఉంటుంది కాబట్టి క్రోమా (రంగు) తీగలో 300 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న కేబుల్ తీసుకోండి.

కదిలే వస్తువుల మీద దువ్వెన పళ్లలాంటి చారలు, లేదా స్ప్రైట్లు మాయం

నన్ను బాగా ఏడిపించింది ఇదే. టీవీలో ఆట చక్కగా కనిపిస్తుంది, రికార్డింగులో మాత్రం శత్రువు ఉండడు. వీడియో చిప్ పోతోందనుకుని పవర్ సప్లై మార్చాను, సాకెట్లు తుడిచాను. కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు.

పాల్ ప్రసారంలో ఒక ఫ్రేముకు 625 గీతలు. వాటిని రెండు ఫీల్డులుగా, ఒక్కోదానికి 312.5 చొప్పున పంపుతారు. ఆ అర గీత తేడా వల్లే రెండో ఫీల్డు మొదటిదాని సందుల్లో పడుతుంది. పాల్ కమోడోర్ 64 అలా పంపదు. ప్రతిసారీ నిండుగా 312 గీతలే పంపుతుంది, సెకనుకు సుమారు 50 సార్లు. అంటే ప్రతి ఫీల్డూ ఒక పూర్తి బొమ్మే. చవక డాంగిల్ ఈ తేడా పట్టించుకోదు. వరుసగా వచ్చిన రెండు వేర్వేరు బొమ్మలను సరి గీతల్లో ఒకటి, బేసి గీతల్లో ఒకటి పేర్చి, సెకనుకు 25 ఫ్రేములు చేస్తుంది. చారలు అక్కడి నుంచే వస్తాయి.

స్ప్రైట్ మాయమవడం దీనికి తరువాతి మెట్టు. ఆ మెషీన్‌లో హార్డ్‌వేర్ స్ప్రైట్లు 8 మాత్రమే. అవి చాలనప్పుడు కొన్ని ఆటలు ఒక ఫ్రేములో ఒక వస్తువును, తరువాతి ఫ్రేములో ఇంకోదాన్ని గీస్తాయి. టీవీ మీద రెండూ కొద్దిగా మినుకుమంటూ కనిపిస్తాయి. రికార్డింగులో ఒకటి ఎప్పుడూ సరి గీతల్లో, రెండోది బేసి గీతల్లో ఉండిపోతుంది. ఈ చారలు పోగొట్టే డీఇంటర్లేస్ ఫిల్టర్ ఒక వరస గీతలను పారేస్తే, ఆ వస్తువు కూడా వాటితోపాటే పోతుంది.

ముందు రోగం నిర్ధారించుకోండి. పక్కకు జరిగే ఆటను డీఇంటర్లేస్ లేకుండా రికార్డు చేసి, ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి. ఒకే ఫ్రేములో రెండు స్థానాలు కనబడితే ఇదే కారణం.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డివైస్ రిజల్యూషన్‌ను పాల్‌కి 720×576, ఎన్‌టీఎస్‌సీకి 720×480 పెట్టండి. సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్లేసింగ్‌లో రెట్రో ఎంచుకోండి. ఫ్రేమ్ రేటు పాల్‌కి 50, ఎన్‌టీఎస్‌సీకి 59.94. కదలిక ముందుకూ వెనక్కూ ఊగితే ఫీల్డ్ ఆర్డర్ తిప్పండి.

రిజల్యూషన్ మాట తేలిగ్గా తీసుకోవద్దు, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. పాల్ సిగ్నల్‌ను 640×480లో తీసుకుంటే, 576 గీతలను 480కి కుదించేటప్పుడు సరి, బేసి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తరువాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. సైజు మార్చడం, 4:3 చేయడం అన్నీ ఫీల్డులు విడిపోయాకే. ఇప్పటికే 720×576లో రికార్డు చేసి పెట్టుకున్నవాటికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌లోని సెపరేట్‌ఫీల్డ్స్ ఫిల్టర్ వాడితే సెకనుకు 50 బొమ్మలూ తిరిగి వస్తాయి.

కాంపోజిట్ నుంచి హెచ్‌డీఎంఐ చేసే చిన్న పెట్టెలు మాత్రం ఈ కలపడం లోపలే చేసేస్తాయి. దాన్ని ఆపే సెట్టింగ్ వాటిలో సాధారణంగా ఉండదు. ఈ పనికి వాటిని కొనొద్దు. మీ మెషీన్‌లో ఆర్‌జీబీ ఉంటే, రాస్‌ప్‌బెర్రీ పై జీరోతో నడిచే ఆర్‌జీబీటూహెచ్‌డీఎంఐ బోర్డు తక్కువ ఖర్చులో పిక్సెల్‌కి పిక్సెల్ తీస్తుంది.

మిగతావి

అడ్డంగా చారలు నెమ్మదిగా పాకుతుంటే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చారలు పోతే అది ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి సిగ్నల్‌ను చెడగొట్టడం). వీజీఏ కన్వర్టర్‌లో తెర ఖాళీగా ఉంటే మీ మెషీన్ ఇచ్చేది 15 కిలోహెర్ట్జ్ (సెకనుకు సుమారు 15 వేల గీతల) సిగ్నల్, కన్వర్టర్ అడిగేది 31. కెపాసిటర్లు, వీడియో చిప్ నిజంగా పోయి ఉంటే టీవీలోనూ బొమ్మ పాడుగానే కనిపిస్తుంది. టీవీలో బాగుంటే వాటి జోలికి వెళ్లొద్దు.