మైకా ఊరి చరిత్ర అవ్వల దగ్గర రాసుకోవాలంటే

మా అమ్మమ్మ నెల్లూరు ప్రాంతంలో సైదాపురం వైపు ఒక మైకా (అభ్రకం, పొరలుగా విడిపోయే మెరిసే ఖనిజం) షెడ్డులో పనిచేసింది. మొదటిసారి నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని, "ఏ సంవత్సరంలో చేరావు?" అని అడిగాను. "సంవత్సరాలు నాకేం తెలుసు మే" అని లేచి వెళ్ళిపోయింది. మీరు అలా మొదలుపెట్టకండి.

ముందు వాళ్ళ చేతిలో మైకా పెట్టండి. సైదాపురం, కలిచేడు దారుల పక్కన తునకలు ఇప్పటికీ మెరుస్తుంటాయి. పాత గని గుంటల దగ్గరికి మాత్రం పోవద్దు, నీళ్ళు నిండి లోతు తెలీదు. అరచేతంత తునక, చిన్న కత్తి ఇచ్చేసరికి మా అమ్మమ్మ అంచున మొన దూర్చి పొరలు విడదీస్తూ పోయింది. వెలుతురుకు ఎత్తి, మచ్చ ఉన్నది పక్కన పెట్టింది. "మనది పచ్చ మైకా" అంది. నిజమే, జార్ఖండ్‌లోని కోడర్మా వైపుది ఎర్ర ఛాయ, నెల్లూరుది లేత ఆకుపచ్చ. ఇక మాటలు వాటంతటవే వచ్చాయి: ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు, తూకం దగ్గర గొడవలు, చీర మడతల్లో ఇంటిదాకా వచ్చే మెరుపు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఊరుకోండి. మధ్యలో ప్రశ్న వేస్తే తెగిపోతుంది.

సంవత్సరాలు తర్వాత పట్టుకోవచ్చు. "ఇందిరమ్మ చనిపోయినప్పుడు షెడ్డు నడుస్తోందా?" అంటే 1984. "రాజీవ్ గాంధీ చనిపోయిన ఎండాకాలం?" అంటే 1991. ఆ ఏడాది చివర్లోనే సోవియట్ యూనియన్ విడిపోయింది. మన మైకాను ఎక్కువగా కొన్న దేశాల్లో అదొకటి. వాళ్ళ నాన్నల కాలం గురించి అడిగితే రెండో ప్రపంచ యుద్ధం వస్తుంది. రేడియోలకు, విమానాలకు మైకా కావాలని 1942లో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశంలో కొనుగోళ్ళకు ఒక ఉమ్మడి సంస్థ (జాయింట్ మైకా మిషన్) పెట్టాయి.

ట్రంకుపెట్టెలో జీతం చీటీలు, హాజరు కార్డులు ఉంటే ఫోటో తీసి, ఎక్కడివి అక్కడే పెట్టేయండి. మైకా కార్మికుల సంక్షేమ నిధికి 1946లో చట్టం వచ్చింది కాబట్టి ఆస్పత్రి చీటీలు కూడా దొరకవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం పేర్లు. గని యజమానుల పేర్లు కాగితాల్లో ఉంటాయి. పొరలు తీసిన ఆడవాళ్ళ పేర్లు ఉండవు. ఒప్పుకుంటే అవే మొదటి పేజీలో రాయండి. మా అమ్మమ్మ పదకొండు పేర్లు చెప్పింది. ఇద్దరి ఇళ్ళకు వెళ్ళొచ్చాను. కత్తి, మైకా తునక ఇంకా సంచిలోనే ఉన్నాయి.