బరంపురం పిన్‌కోడ్‌ని ముక్కలు చేద్దాం (నాలుగో పాఠం)

పోయినసారి ఒక సంఖ్య 3తో, 9తో పోతుందో లేదో అంకెలు కూడి తేల్చడం దగ్గర ఆగాం కదా. ఈసారి పెద్ద సంఖ్య కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన బరంపురం హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్ ఉంది: 760001. ఇచ్ఛాపురం పిన్నికి అప్పడాలు పార్సిల్ కట్టినప్పుడల్లా రాసేదాన్నే గానీ (ఒడిశా-ఆంధ్రా బోర్డర్ దాటగానే వాళ్లది 5తో మొదలవుతుంది, మనది 7) దీని లోపల ఏముందో, అంటే ఏ ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఇది వస్తుందో ఎప్పుడూ చూడలేదు.

2, 5 కుదరవని చివరి అంకే చెబుతోంది. అంకెలన్నీ కూడితే 14, కాబట్టి 3 కూడా కాదు. 7తో భాగిస్తే 4 మిగులుతుంది. ఇక 11.

కుడివైపు నుంచి ఒక అంకె కూడండి, తర్వాతది తీసేయండి, మళ్లీ కూడండి: 1−0+0−0+6−7. సున్నా! సున్నా గానీ 11 గుణిజం గానీ వస్తే 11తో నిశ్శేషంగా పోతుంది. ఎందుకంటే 10 అనేది 11కి ఒకటి తక్కువ, 100 అనేది 99కి ఒకటి ఎక్కువ, 1000 అనేది 1001కి ఒకటి తక్కువ, ఈ 11, 99, 1001 అన్నీ పదకొండో ఎక్కంలోవే (మా పక్కింటి ఒడియా పిల్లలకైతే పణికియా), అందుకే ఒక స్థానంలో ప్లస్, దాని పక్క స్థానంలో మైనస్ మాత్రమే మిగులుతాయి.

భాగిస్తే 69091. నేను బోల్తా పడింది ఇక్కడే. 11 పని అయిపోయిందనుకుని 13, 17, 19 అంటూ రెండు పేజీలు ఖరాబు చేశాను. ఒకసారి పోయిన సంఖ్య మళ్లీ పోదని ఎవరన్నారు? 1−9+0−9+6 అంటే −11, మళ్లీ పోతుంది, 6281 వస్తుంది. దాన్నీ వదలకండి: 571. ఇప్పుడు మాత్రం 1−7+5 అంటే −1, ఇక 11 ఆగిపోయింది.

571 ప్రధాన సంఖ్యేనా? ఒక సంఖ్య రెండు ముక్కల గుణకారమైతే, వాటిలో ఒకటైనా దాని వర్గమూలాన్ని మించదు, అందుకని వర్గమూలం దాకా వెతికితే చాలు. 760001కైతే 871 దాకా వెళ్లాలి, అంటే 150 ప్రధాన సంఖ్యలు! 571 వర్గమూలం 24 కూడా లేదు. చిన్నవి ముందే తేలిపోయాయి, మిగిలినవి 13, 17, 19, 23. శేషాలు 12, 10, 1, 19. ఏదీ పోలేదు, ప్రధాన సంఖ్యే.

కాబట్టి 760001 = 11×11×11×571.

భాజకాలు ఎన్నో లెక్క పెట్టడానికి జాబితా అక్కర్లేదు. 11ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తీసుకోవచ్చు, నాలుగు దారులు, 571కి రెండు. మొత్తం 8.

ఇంటిపనికి కోరాపుట్ జిల్లా జయపురం పిన్‌కోడ్, 764001. 3తో మొదలుపెట్టండి, ఒక్కసారితో వదలకండి. తర్వాత 7. చివర 12127 మిగిలినప్పుడు ఇది ప్రధాన సంఖ్యేలే అని పెన్ను పక్కన పెట్టబుద్ధవుతుంది, 110 దాకా చూశాకే పెట్టండి.