మానసిక అనారోగ్యానికి మందులు వాడుతూ కరాటే నేర్చుకునేవారికి

బైపోలార్ వ్యాధికో, తీవ్రమైన ఆందోళనకో మందులు వాడుతున్నవారు కరాటే తరగతిలో చేరే ముందు, మందుల చీటీ తీసుకుని తమ మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవాలి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. మే నెల ఉక్కపోతలో, రేకుల షెడ్డు కింద గంటసేపు చెమటోడిస్తే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. కనుక దాహం వేసేదాకా వేచి ఉండకుండా, ముందునుంచే నీళ్లు తాగుతూ ఉండాలి. చేతుల వణుకు ఎప్పటికన్నా ఎక్కువైనా, వాంతులైనా, నడక తూలినా, మాట తడబడినా సాధన ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రిపూట ఓలాంజపిన్, క్లొనాజెపామ్ వంటివి వేసుకునేవారికి తెల్లవారేసరికి మత్తు పూర్తిగా వదలకపోవచ్చు, నేలమీంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు. వారికి సాయంత్రం తరగతే మేలు. ఉదయం తరగతి కోసం రాత్రి మాత్ర మానడం మాత్రం ఎంతమాత్రం తగదు.

మాస్టారికి రోగం పేరు చెప్పనక్కరలేదు. “మాస్టారూ, నేను మందులు వాడుతున్నాను. ఒక్కోసారి మధ్యలో వెళ్లి గోడ పక్కన కూర్చుంటాను, కాసేపటికి వస్తాను. వెనకనుంచి మెడ పట్టుకునే పాఠం ఉంటే నాకు ముందుగా చెప్పండి” అంటే సరిపోతుంది. ఆ మాటకు నవ్వే మాస్టారి దగ్గర నేర్చుకోకపోయినా నష్టమేమీ లేదు.

కటా అంటే ఒంటరిగా, వరుసక్రమంలో చేసే కదలికల సాధన. షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో మొదట నేర్పే హెయాన్ షోదాన్ కటాలో 21 కదలికలుంటాయి. దిగులు కమ్మిన రోజున అన్నీ చేయాలని పట్టుబట్టకుండా, ఎడమకు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడం, కుడి అడుగు వేసి గుద్దడం, ఈ రెండే చేసి ఇంటికి వెళ్లినా ఆ రోజు సాధన అయినట్టే.

కుమితే, అంటే ఎదుటి మనిషితో తలపడే సాధన, దగ్గర చిక్కు వేరు. అందులో కలిగే గుండెదడ, చెమట, ఆయాసం పానిక్ అటాక్‌లోనూ (హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్ర భయంలోనూ) ఉంటాయి కాబట్టి, ఎదుట మనిషి నిలబడగానే భయం ముంచుకురావచ్చు. అందుచేత ముందు ఒక నిమిషం తాడాట ఆడి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఆ దడ తనంతట తాను తగ్గడాన్ని గమనించడం కొన్ని వారాలు అలవాటు చేసుకుని, ఆ తర్వాతే జోడీతో దిగాలి.

ఇక బైపోలార్ ఉన్నవారు నిద్ర నాలుగు గంటలకు తగ్గినా అలసట తెలియక, రెండు పూటలా సాధన చేయాలనిపిస్తే, అది పట్టుదల అని మురిసిపోకూడదు, మేనియా (అతి ఉత్సాహపు దశ) మొదలవుతున్న గుర్తు కావచ్చు. మాస్టారు మెచ్చుకునేది కూడా సరిగ్గా అప్పుడే. నిద్ర గంటలు రోజూ పుస్తకంలో రాసి, ఇంట్లో ఒకరికి చూపిస్తూ, వరుసగా రెండు రాత్రులు తగ్గితే వైద్యుడికి ఫోన్ చేయాలి. ఎవరో తనపై కుట్ర పన్నుతున్నారనిపించే రోజుల్లో జోడీ సాధన, కర్ర పట్టడం పూర్తిగా ఆపి, వైద్యుడు సరేనన్నాకే మళ్లీ వరుసలో నిలబడాలి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.