విషెగ్రాడ్ ఫండ్‌కి అప్లికేషన్ పెడుతున్నారా? రాయడం తర్వాత, ముందు పార్టనర్లతో మాట్లాడండి

2022 మార్చి మొదట్లో పోలాండ్ సరిహద్దు ఊరు ప్షెమిష్ల్‌లో ఒక పుకారు పుట్టింది. ఉక్రెయిన్ నుంచి దాటి వస్తున్న ఆఫ్రికా, ఆసియా వాళ్లు ఊళ్లో పడి దొంగతనాలు, అఘాయిత్యాలు చేస్తున్నారని. పోలీసులు అదంతా అబద్ధమని చెప్పారు, కానీ ఈలోపే కొందరు రోడ్డెక్కి కనపడిన విదేశీయుల్ని కొట్టారు. దెబ్బలు తిన్నవాళ్లలో భారతీయులూ ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ నుంచి వెళ్లిన మెడికల్ స్టూడెంట్లు ఎంతోమంది అదే సమయంలో ఆ చుట్టుపక్కల సరిహద్దులు దాటే ఇంటికి వచ్చారు కాబట్టి, ఇది మనకి సంబంధం లేని యూరప్ గొడవ అని నేను అనుకోలేను.

ఇలాంటి పుకార్లని, తప్పుడు సమాచారాన్ని ఎదుర్కొనే ప్రాజెక్టులకి విషెగ్రాడ్ ఫండ్ నుంచి డబ్బు అడుగుతూ నేను కొన్నేళ్లు చెక్ రిపబ్లిక్‌లో ఒక చిన్న సంస్థలో అప్లికేషన్లు రాశాను. కొన్ని వచ్చాయి, చాలా పోయాయి. ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఇద్దరు ముగ్గురు స్నేహితులు "మేమూ పెట్టొచ్చా, ఎలా పెట్టాలి" అని అడిగితే ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ ఫండ్ సంగతి. చెక్, హంగరీ, పోలాండ్, స్లొవాకియా ప్రభుత్వాలు కలిసి 2000 జూన్‌లో పెట్టుకున్న నిధి ఇది, పేరు ఇంటర్నేషనల్ విషెగ్రాడ్ ఫండ్, ఆఫీసు బ్రటిస్లావాలో. నాలుగూ సమానంగా డబ్బు వేస్తాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఈ నలుగురికీ ఒకరి మాట ఒకరికి పడటం లేదు, అయినా మాటల్లేని అన్నదమ్ములు ఊళ్లో గుడికి చందా మాత్రం వేసినట్టు, ఫండ్ నడుస్తూనే ఉంది. విషెగ్రాడ్ గ్రాంట్స్ అనే మామూలు రకానికి ఏడాదికి 3 గడువులు: ఫిబ్రవరి 1, జూన్ 1, అక్టోబర్ 1. ఆ రోజు అక్కడి టైం మధ్యాహ్నం 12కి ఆన్‌లైన్ ఫారం మూసేస్తారు, అంటే ఫిబ్రవరిలో మనకి సాయంత్రం 4:30, మిగతా రెండు గడువులకి 3:30. నాలుగు దేశాల్లో కనీసం 3 దేశాల సంస్థలు ప్రాజెక్ట్‌లో ఉండాలి (సరిహద్దు పక్క ఊళ్ల మధ్య చిన్న ప్రాజెక్టులకి రెండు దేశాలు చాలు, మన విషయానికి అది అంతగా పనికిరాదు). పశ్చిమ బాల్కన్ దేశాలనో, ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా వైపు వాళ్లనో కలుపుకుంటే విషెగ్రాడ్ ప్లస్ అంటారు. నాలుగు దేశాలూ తప్పనిసరిగా ఉండాల్సిన పెద్ద రకం స్ట్రాటెజిక్ గ్రాంట్స్, మొదటిసారి పెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక అసలు విషయం. అందరూ చేసే తప్పు ఏంటంటే ముందు ఒకాయన కూర్చుని 10 పేజీలు రాసేస్తాడు, గడువుకి పది రోజుల ముందు మిగతా రెండు దేశాల్లో తెలిసినవాళ్లకి మెయిల్ కొట్టి "పార్టనర్‌గా ఉంటారా, లెటర్ మీద సంతకం పెట్టి పంపండి చాలు" అంటాడు. వాళ్లూ సరే అంటారు, సంతకానికి ఖర్చేముంది. కానీ ఇలాంటివి వందల కొద్దీ చదివేవాళ్లకి అది ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఎందుకంటే పనుల పట్టికలో ఒక్క సంస్థ పేరే ప్రతి నెలా ఉంటుంది, మిగతా ఇద్దరూ ప్రారంభ సమావేశంలో ఒకసారి, ముగింపు సమావేశంలో ఒకసారి కనపడతారు, పెళ్లిలో ఫొటోకి మాత్రమే స్టేజి ఎక్కే చుట్టాల్లా.

అందుకే రాయడానికి కనీసం 8 వారాల ముందు ఒక ఖాళీ షీట్ తీసి 3 గడులు పెట్టండి: ఎవరు, ఏ నెలలో, చేతికి ఏం ఇస్తారు. పార్టనర్లందరినీ ఒక కాల్‌లో కూర్చోబెట్టి ఆ షీట్‌ని వాళ్ల చేతే నింపించండి. నాకు బాగా గుర్తున్న కాల్ ఒకటుంది. ఒక పార్టనర్‌ని "మే నెలలో మీరు ఏం చేస్తారు?" అని అడిగాను. కాసేపు మౌనం. తర్వాత "ఫలితాల్ని ప్రచారం చేస్తాం" అన్నారు. "మేకి ఫలితాలు ఇంకా రావు కదండీ" అన్నాను. మళ్లీ మౌనం. ఆ అప్లికేషన్ అప్పుడే ఆపేసి ఉండాల్సింది, మొహమాటానికి పోయి పంపాం, రాలేదు. గడి నిండకపోతే అక్కడ పార్టనర్ లేనట్టే, మరొకరిని వెతకండి.

పార్టనర్లందరూ థింక్ ట్యాంకులే (ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థలే) అయితే చివరికి వచ్చేది ఒక పీడీఎఫ్, దాన్ని చదివేది ఇంకో 3 థింక్ ట్యాంకులు. నా అభిప్రాయంలో ఒకరు విశ్లేషణ చేసేవాళ్లు, ఒకరు రోజూ ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లు, ఒకరు మామూలు జనానికి దగ్గరగా ఉన్నవాళ్లు ఉండాలి. మూడో రకం దొరకడమే కష్టం: లైబ్రరీ, టీచర్ల సంఘం, పెన్షనర్ల క్లబ్, ఏదైనా సరే. ఫ్యాక్ట్‌చెకర్లలో డెమగోగ్ అన్న పేరు 2010లో స్లొవాకియాలో మొదలై తర్వాత చెక్‌లో, పోలాండ్‌లో కూడా వచ్చింది, అలాంటి చోట్ల అడగండి. పెన్షనర్లు ఎందుకంటే, చెక్‌లో అబద్ధాలు తిరిగే దారుల్లో పెద్దది ఫార్వర్డ్ ఈమెయిల్. అవును, ఈమెయిలే. మన పెదనాన్నలు ఫ్యామిలీ గ్రూపులో వాట్సాప్ ఫార్వర్డ్‌లు పెట్టినట్టు అక్కడి తాతలు 30 మందికి మెయిల్ పంపుతారు. దాన్ని బయట కూర్చుని గమనించే వీల్లేదు, ఎవరో ఒకరు లోపల ఉండి పంపితేనే తెలుస్తుంది, అందుకే అక్కడ "ఎల్వ్స్" అని పిలుచుకునే వాలంటీర్లు వాటిని పోగుచేసి పెడతారు. స్లొవాకియాలో కథ వేరు. అక్కడ 2023 సెప్టెంబర్ 30న ఎన్నికలు. దానికి రెండు రోజుల ముందు, ప్రచారం ఆపేయాల్సిన మౌన సమయంలో, ప్రోగ్రెసివ్ స్లొవాకియా పార్టీ నేత మిఖాల్ షిమెచ్‌కా ఒక జర్నలిస్టుతో ఓట్ల రిగ్గింగ్ గురించి మాట్లాడినట్టు ఏఐతో తయారుచేసిన ఆడియో వదిలారు. ఒక దేశంలో ఈమెయిల్, పక్క దేశంలో నకిలీ ఆడియో. ఈ తేడా మీ అప్లికేషన్‌లో కనపడితే 3 దేశాలు ఎందుకు కావాలో వేరే వివరించక్కర్లేదు.

సమస్య చెప్పే పేరా ఎలా ఉండాలో చూపిస్తాను. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "మధ్య యూరప్‌లో తప్పుడు సమాచారం ప్రజాస్వామ్యానికి ముప్పుగా మారింది, మా ప్రాజెక్ట్ దాన్ని సమర్థంగా ఎదుర్కొంటుంది." ఇందులో తప్పేం లేదు, సమాచారమూ లేదు. దాని బదులు ఇలా రాసి చూడండి: "శరణార్థులకి మన పెన్షనర్ల కంటే ఎక్కువ డబ్బు ఇస్తున్నారన్న మాట చెక్, స్లొవాక్, పోలిష్ భాషల్లో తిరుగుతోంది. 3 సంస్థలు 6 నెలల పాటు ఒకే ఫారంలో దాన్ని నమోదు చేస్తాయి: ఏ రోజు, ఏ భాషలో, ఎక్కడ, ఏ అంకెతో. ఒక భాషలో కనపడిన 48 గంటల్లోపు మిగతా ఇద్దరికీ కబురు వెళ్తుంది, ముగ్గురూ తమ జవాబుని తమ భాషలో ప్రచురిస్తారు." ఒక్క అబద్ధం, 3 భాషలు, ఒక ఫారం, ఒక గడువు. ఇది చదివినవాళ్లకి డబ్బు ఎక్కడికి పోతుందో కళ్ల ముందు కనపడుతుంది.

ఫండ్ వాళ్లు 7 రంగాలు ఇస్తారు, అందులో ఒకటి ఎంచుకోవాలి. మన విషయం "ప్రజాస్వామ్య విలువలు, మీడియా"లో పడుతుంది, "ప్రభుత్వ విధానం"లోనూ పడుతుంది. మీ పని చివరికి ఎవరి ముందు పెడతారో చూసుకోండి. టీచర్లు, జర్నలిస్టులు, జనం అయితే మొదటిది. మంత్రిత్వ శాఖల్లో అధికారులు అయితే రెండోది. రెండింటికీ సరిపోయేలా రాస్తే దేనికీ సరిపోదు.

ఇంకో సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. గ్రాంట్లని చివర్లో ఆమోదించేది ఆ నాలుగు దేశాల రాయబారుల మండలి. అంటే ప్రభుత్వాల మనుషులు. మీ మొదటి పేరా ఆ నాలుగు ప్రభుత్వాల్లో ఒకదాన్ని తిట్టినట్టు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. నిజం దాచమని కాదు నేననేది, నాయకుల పేర్లు పక్కనపెట్టి అబద్ధం పేరు పెట్టమని. హంగరీ పార్టనర్‌ని అడిగేటప్పుడు కూడా, వాళ్ల ఇబ్బంది ముందే అడిగి తెలుసుకోండి: 2023 డిసెంబర్ చట్టంతో అక్కడ సార్వభౌమత్వ రక్షణ కార్యాలయం ఒకటి పెట్టారు, బయటి డబ్బు తీసుకునే సంస్థలకి దానితో టెన్షన్ ఉండేది.

బడ్జెట్‌కి వస్తే, ఆఫీసు అద్దె, అకౌంటెంట్ లాంటివి 15 శాతం దాకా ఓవర్‌హెడ్‌లో పెట్టుకోవచ్చు. సొంత ఉద్యోగుల జీతాలు మాత్రం అలవాటు కొద్దీ వేరే వరుసలో రాసేయకండి, ఆ గడువుకి ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఏ ఖర్చులు ఒప్పుకోరో ఉన్న లిస్టు ముందు చదవండి. ప్రతి వరుసా ఆ షీట్‌లో ఒక గడిని చూపించాలి. "ఎక్స్‌పర్ట్ ఫీజు, మొత్తం" అని ఒకే అంకె వేస్తే కత్తెర మొదట దాని మీదే పడుతుంది. "పోలిష్ నమోదు, 6 నెలలు, నెలకి 2 రోజులు" అంటే ఎవరూ కదపలేరు. పార్టనర్ల వాటా ఎంతో కూడా వాళ్ల ముందే, అదే కాల్‌లో తేల్చుకోండి, డబ్బు వచ్చాక మాట్లాడుకుందాం అన్న ప్రతిసారీ స్నేహాలు చెడ్డాయి.

సంతకాల లెటర్లు గడువుకి రెండు వారాల ముందే తెప్పించుకోండి. ఒకసారి జనవరి 30న ఒక సంస్థ డైరెక్టర్ ఎక్కడో కొండ మీద స్కీయింగ్‌లో ఉన్నాడు, సిగ్నల్ లేదు. మేం 1వ తేదీ 11:52కి అప్‌లోడ్ చేశాం, ఆ 8 నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఇప్పుడు హైదరాబాద్ ప్రశ్న. ఫండ్ నియమాల ప్రకారం ఆ 3 దేశాల పార్టనర్లు ఉంటే బయటి దేశాల సంస్థలకీ తలుపు తెరిచే ఉంటుంది, కానీ ప్రాజెక్ట్ ఆ ప్రాంతానికి పనికొచ్చేది కావాలి. తెలుగులో వాట్సాప్ ఫార్వర్డ్‌లని ఏళ్లుగా ఫ్యాక్ట్‌చెక్ చేస్తున్న ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు ఉన్న ఊరికి అక్కడివాళ్లకి చెప్పడానికి కావలసినంత ఉంది. అడ్డు మన వైపే ఉంది, దాని పేరు ఎఫ్‌సీఆర్ఏ, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. విదేశీ విరాళం తీసుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, దానికి సంస్థ పుట్టి 3 ఏళ్లు నిండి, ఆ 3 ఏళ్లలో అసలు పనుల మీద 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. అంత లేనివాళ్లు ఆ ఒక్క గ్రాంట్ కోసం ముందస్తు అనుమతి అడగాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. ఈ చివరి దానితోనే విషయం తేలిపోతుంది: మీరు లీడ్‌గా (డబ్బు అందుకునే ప్రధాన సంస్థగా) ఉండి మిగతా పార్టనర్లకి పంచడం కుదరదు, పార్టనర్‌గానే చేరండి. వార్తలు, కరెంట్ అఫైర్స్ ప్రసారం చేసే కంపెనీలకి, జర్నలిస్టులకి, ఎడిటర్లకి విదేశీ విరాళం అసలు నిషేధం, ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైట్ నడిపేవాళ్లు ఈ గీత దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ఢిల్లీలో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అంతటి థింక్ ట్యాంక్‌కే 2023లో ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేసి, 2024 జనవరిలో రద్దు చేశారు. వ్యాపారంలో భాగంగా చేసిన పనికి తీసుకునే ఫీజు విరాళం కిందికి రాదని చట్టంలోనే ఉంది, అయితే గ్రాంట్‌కి ఇన్‌వాయిస్ తొడిగి దాన్ని ఫీజు అనడం కాదు, ఈ తేడా మీ ఆడిటర్ నోటితో చెప్పించుకోండి, నా మాట మీద నడవద్దు.

డబ్బు అసలు అక్కర్లేకుండా సలహా సంఘంలో ఒక పేరుగా చేరి, మీ నమోదు ఫారం వాళ్లకిచ్చి, వాళ్ల ఫారం మీరు తెచ్చుకోవడం కూడా ఒక దారి. యూరోపియన్ యూనియన్ పరిశోధనలకి డబ్బిచ్చే పెద్ద పథకం హొరైజన్ యూరప్‌లో కూడా భారతీయ సంస్థలకి డబ్బు దానంతటదే రాదు, సొంత ఖర్చుతోనే చేరాలి. అమెరికా డబ్బు సంగతి విదేశాలకి సాయం ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడ్డప్పుడే అయిపోయింది. అందుకని ఇప్పుడు ఇలాంటి చిన్న ఫండ్‌ల ముందు క్యూ పెరుగుతుందనే నా అంచనా. ఆ ఖాళీ షీట్ ఈ వారమే తీయండి, మొదటి కాల్‌లో మే నెల గడి గురించి అడగడం మర్చిపోకండి.