మంత్రిగారికి రెండు పేజీల నోట్ ఎలా రాయాలి?

రాజనీతిశాస్త్రం చివరి ఏడాది చదివే పిల్లలకు నేను ఏటా ఒకే పని పెడతాను. మీరు విదేశాంగ శాఖలో ఒక చిన్న అధికారి. ఒక దేశంతో వ్యాపార ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉంది. ఆ దేశంలో విలేకరులు జైళ్లలో ఉన్నారు, కార్మిక సంఘాలు పెట్టుకోనివ్వరు. ఏం చేయాలో చెబుతూ రేపు ఉదయానికల్లా మంత్రిగారికి రెండు పేజీల నోట్ ఇవ్వాలి.

మొదటిసారి వచ్చే నోట్లన్నీ ఒకే అచ్చు. మొదటి పేజీ నిండా మానవ హక్కుల పవిత్రత, రెండో పేజీ నిండా జాతీయ ప్రయోజనం, ఆఖరున “రెండింటి మధ్య సమతుల్యం సాధించాలి” అని ఒక వాక్యం. అది చదివిన మంత్రి దేని కింద సంతకం పెట్టాలి? అలాంటి నోట్‌కు నేను సున్నా వేస్తాను. పిల్లలకు కోపం వస్తుంది, అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. పోటీ పరీక్షలకు చదివేవారికీ, విదేశీ వార్తలు రాసే కొత్త విలేకరులకూ పనికొస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ పెడుతున్నాను.

ఏమి అడుగుతున్నారో ముందు రాయండి

“హక్కుల పరిస్థితి మెరుగుపడాలి” అన్నది షరతు కాదు. నెరవేరిందో లేదో మూడో మనిషి వెళ్లి చూసి చెప్పగలిగితేనే షరతు.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ అమెరికా, చైనాలది. చైనా సరుకులకు అమెరికాలో తక్కువ సుంకం దక్కాలంటే అప్పట్లో ఆ దేశానికి ‘అత్యంత అనుకూల దేశం’ హోదాను ఏటా పొడిగించాల్సి వచ్చేది. 1993 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ ఆ పొడిగింపును మానవ హక్కులతో ముడిపెడుతూ ఉత్తర్వు ఇచ్చారు. అందులోని ఏడు అంశాల్లో రెండు తప్పనిసరి: స్వేచ్ఛగా దేశం విడిచి వెళ్లే వీలు, ఖైదీలతో చేయించిన సరుకుపై కుదిరిన ఒప్పందం అమలు. మిగతా అయిదింటిలో “మొత్తం మీద గణనీయమైన పురోగతి” ఉంటే చాలన్నారు. గణనీయం అంటే ఎంత? టిబెట్‌లో ఎంత, జైళ్లలో ఎంత? 1994 మార్చిలో విదేశాంగ మంత్రి వారెన్ క్రిస్టఫర్ బీజింగ్ వెళ్లే సమయానికే అక్కడ అసమ్మతివాదుల అరెస్టులు మొదలయ్యాయి. ఆ మేలో, ఆశించిన పురోగతి లేదని ఒప్పుకుంటూనే, క్లింటన్ హోదాను పొడిగించారు, హక్కులతో వేసిన ముడినీ విప్పేశారు. అమలు చేయలేనంత పెద్ద బెదిరింపును, కొలవలేని షరతును ఒకే కాగితం మీద పెడితే జరిగేది ఇదే. ఎదుటివాడు మీ కంటే ముందే లెక్క వేసుకుంటాడు.

దీని పక్కన ఖతార్‌ను పెట్టి చూడండి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇళ్లలో ఈ కథ తెలియనివారు తక్కువ. అప్పట్లో యజమాని అనుమతి పత్రం లేకుండా కార్మికుడు దేశం దాటలేకపోయేవాడు, ఉద్యోగం మారలేకపోయేవాడు. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఖతార్ మీద ఫిర్యాదు నమోదైంది. 2017 నవంబరులో ఆ సంస్థతో కలిసి పనిచేయడానికి ఖతార్ ఒప్పుకున్నాక ఫిర్యాదును ముగించారు, తర్వాత దోహాలో కార్యాలయం తెరిచారు. దేశం దాటడానికి కావలసిన అనుమతిని 2018లో చాలామందికి, 2020 మొదట్లో ఇంటి పనివారితో సహా మిగతావారికీ తీసేశారు. 2020లోనే ఉద్యోగం మారడానికి పాత యజమాని సమ్మతి అక్కర్లేదన్న చట్టం వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. జీతాలు ఎగ్గొట్టడం ఆగిపోలేదు, అది వేరే నోట్. కానీ ఈ షరతుల్లో ఒక్కొక్కటీ విమానాశ్రయంలోనో బ్యాంకు పుస్తకంలోనో కనబడేదే. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముంచుకొస్తున్న దేశానికి తొందర కూడా ఉండేది. అడిగే సమయం కూడా షరతులో భాగమేనని మా పిల్లలు చివరికి ఒప్పుకుంటారు.

మీ చేతిలో ఉన్నది కానుకా, ఒప్పందమా?

ఇక్కడ కొంచెం చట్టం చదవక తప్పదు, విసుక్కోకండి. ఐరోపా సంఘం (ఈయూ) వర్ధమాన దేశాలకు ఇచ్చే సుంకాల రాయితీ దాని ఇష్టం మీద ఇచ్చేది. అందులో పై మెట్టు అయిన ‘జీఎస్‌పీ ప్లస్’ కావాలంటే 27 అంతర్జాతీయ ఒడంబడికలను అమలు చేయాలి, చేయకపోతే వెనక్కి తీసుకోవచ్చు. రెండు దేశాలు సంతకాలు చేసుకున్న ఒప్పందం అలా కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యుల మధ్య ఒక దేశం మీద మాత్రమే సుంకం పెంచడమూ తేలిక కాదు. ఖైదీలతో చేయించిన సరుకును ఆపుకోవడం లాంటి కొద్ది మినహాయింపులు మాత్రం సుంకాలు, వ్యాపారం మీద కుదిరిన 1947 నాటి గాట్ ఒప్పందంలోనే ఉన్నాయి. నోట్‌లో దీనికి రెండు వాక్యాలు చాలు: మన చేతిలో ఉన్న సాధనం ఏది, దాన్ని వాడితే మన సంతకాన్ని మనమే కాదన్నట్టు అవుతుందా.

దెబ్బ ఎవరికి తగులుతుంది?

నోట్‌లో సగం పేజీ దీనికే ఇవ్వండి. మా పిల్లలు ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడతారు.

కంబోడియాలో ప్రధాన ప్రతిపక్షాన్ని 2017 నవంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో పాలక పక్షం 125కు 125 స్థానాలూ గెలిచింది. అప్పటికి ఆ దేశానికి దాదాపు అన్ని సరుకుల మీదా సుంకం లేకుండా ఐరోపా మార్కెట్ తెరిచి ఉండేది. దుస్తుల మిల్లుల్లో కుట్టుపని చేసేవారిలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. రాయితీ మొత్తం తీసేస్తే అప్పటి ప్రధాని హున్ సేన్ భోజనం ఆగదు, వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఆగుతుంది. అందుకే ఐరోపా సంఘం 2020 ఆగస్టు 12 నుంచి రాయితీలో అయిదో వంతునే, అంటే ఏడాదికి సుమారు 100 కోట్ల యూరోల ఎగుమతుల మీదే, వెనక్కి తీసుకుంది. కొన్ని రకాల దుస్తులు, చెప్పులు, ప్రయాణ సంచులన్నీ, మొత్తం చక్కెర. చక్కెరను పూర్తిగా పెట్టడానికి కారణం ఉంది: చెరకు తోటల కోసం రైతుల భూములు లాక్కున్నారన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి ఉన్నాయి. తప్పు జరిగిన చోటికి దెబ్బను దగ్గరగా తేవడం అంటే ఇదీ.

ఫలించిందా? ప్రతిపక్షం తిరిగి రాలేదు. దాని నాయకుడు కెమ్ సొఖాకు 2023 మార్చిలో 27 ఏళ్ల శిక్ష వేశారు. 2020 అక్టోబరులోనే కంబోడియా చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంది. “మనం వదిలేస్తే ఆ చోటికి ఎవరు వస్తారు” అన్న ప్రశ్నకు నోట్‌లో జవాబు ఉండాలి. అది “కాబట్టి ఏమీ చేయొద్దు” అన్న జవాబే కానక్కర్లేదు. నా మటుకు నేను ఆ అయిదో వంతు నిర్ణయాన్ని సమర్థిస్తాను. పూర్తి రద్దునూ, పూర్తి మౌనాన్నీ సమర్థించడం నాకు చేతకాదు.

తిరిగి వచ్చే దారి రాశారా?

శ్రీలంక 2010 ఆగస్టులో జీఎస్‌పీ ప్లస్ కోల్పోయింది. కారణం చిత్రహింస, పౌరహక్కులు, బాలల హక్కులకు చెందిన మూడు ఒడంబడికల అమలులో లోపాలు. 2015లో కొలంబోలో ప్రభుత్వం మారింది, 2017 మేలో రాయితీ తిరిగి వచ్చింది. రాయితీ పోయినందుకే ప్రభుత్వం మారిందని ఎవరైనా రాస్తే నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను. కానీ కొత్తగా వచ్చినవారికి ఏం చేస్తే ఏం దక్కుతుందో ముందే తెలుసు, అది చిన్న విషయం కాదు. ఉగ్రవాద నిరోధక చట్టం మీద ఐరోపా పార్లమెంటు 2021లో మళ్లీ ఒత్తిడి తెచ్చింది, మరుసటి ఏడాది దానికి సవరణ వచ్చింది. అదీ అరకొరే.

ఎదురుదెబ్బను పద్దుల వారీగా రాయండి

2018 ఆగస్టులో సౌదీలో అరెస్టయిన మహిళా హక్కుల కార్యకర్తలను విడిచిపెట్టాలని కెనడా బహిరంగంగా కోరింది. సౌదీ కెనడా రాయబారిని వెళ్లిపొమ్మంది, కొత్త వ్యాపారాన్ని ఆపేసింది, తన విద్యార్థులను వెనక్కి పిలిచింది. చమురు అమ్మకం మాత్రం ఆపలేదు. కెనడా వైపు నుంచి సాయుధ వాహనాల భారీ ఒప్పందమూ రద్దు కాలేదు. మాట గట్టిగా అన్నవారూ, కోపగించుకున్నవారూ ఖరీదైన పద్దులను జాగ్రత్తగా పక్కన పెట్టుకున్నారన్న మాట. సంబంధాలు మామూలు కావడానికి 2023 దాకా పట్టింది. “సంబంధాలు దెబ్బతినవచ్చు” అని రాయకండి. రాయబారి, విద్యార్థులు, వీసాలు, ఆయుధాలు, చమురు: ఒక్కో పద్దుకు ఒక్కో వరుస రాయండి.

అదే షరతు మనకు పెడితే?

నోట్ ఢిల్లీ కోసమైతే ఈ భాగం వదిలేయకండి. 1946లో జాతి వివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనదే. అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అదే మన దేశం 1990లలో మయన్మార్ సైనిక పాలకులతో సరిహద్దు వ్యాపార ఒప్పందం చేసుకుంది, మణిపూర్‌లోని మోరే నుంచి అక్కడి తమూకు దారి తెరిచింది, ఇంచుమించు ఆ రోజుల్లోనే గృహ నిర్బంధంలో ఉన్న అక్కడి ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూచీకి నెహ్రూ పురస్కారమూ ప్రకటించింది. వ్యాపారంతో కార్మిక ప్రమాణాలను ముడిపెట్టవద్దని 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థ సింగపూర్ సమావేశంలో గట్టిగా వాదించినవారిలోనూ మనం ఉన్నాం. ఆ వాదనలో న్యాయం ఉంది, ధనిక దేశాలు హక్కుల పేరుతో తమ మార్కెట్లను మూసుకుంటాయన్న అనుమానం ఉత్తది కాదు. కానీ బాలల చేత, బలవంతంగా చేయించే సరుకులంటూ అమెరికా కార్మిక శాఖ ప్రకటించిన జాబితాలో మన హైబ్రిడ్ పత్తి విత్తనం ఉంది. ఆ చేలు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఉన్నాయి కనుక దాన్ని కేవలం కుట్ర అని కొట్టిపారేయలేం.

2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస వేతనాలను కేంద్రమే తగ్గించింది. ఎక్కువ అడిగితే ఉద్యోగాలు పక్క దేశాలవారికి పోతాయన్నది వాదన. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2021లో పాత వేతనాలు తిరిగి వచ్చాయి. వ్యాపారమా, హక్కులా అన్న ప్రశ్న పరాయివాళ్ల జైళ్ల గురించే అనుకునే పిల్లలకు నేను ఈ ఫైలు ఇస్తాను. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే తదితర నాలుగు దేశాలతో చేసుకున్న ఒప్పందంలో కార్మికులు, పర్యావరణం మీద అధ్యాయానికి మనం ఒప్పుకున్నాం, వివాద పరిష్కార నిబంధనలు దానికి వర్తించకుండా చూసుకుని. పదేళ్ల కిందట అదీ ఒప్పుకునేవాళ్లం కాదు.

ఇక నోట్ చివర. మూడు దారులు రాయండి, అందులో ఒకటి ఏమీ అనకపోవడం. దాని ఖర్చు కూడా రాయండి. వాటిలో మీరు ఏది సిఫారసు చేస్తున్నారో ఒకే వాక్యంలో చెప్పండి. మళ్లీ ఎప్పుడు సమీక్షించాలో తేదీ వేయండి. సంతకం అయిన సాయంత్రమే విలేకరులు “జైల్లో ఉన్నవారి సంగతేమిటి” అని అడుగుతారు. మంత్రిగారు తడుముకోకుండా చెప్పడానికి, అబద్ధం కాని జవాబు రెండు వాక్యాల్లో రాసి అడుగున జతచేయండి. ఆ రెండు వాక్యాలూ మీకు కుదరడం లేదంటే పైన సిఫారసు చేసిన దారిని ఇంకోసారి చూసుకోండి.