కస్టమర్ సర్వీస్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఎలా చదవాలంటే

ముందు స్టాటిస్టిక్స్ పట్టుకోండి. మొదటి ఏడాది నేను దాన్ని పక్కన పెట్టి, చివరి ఏడాది ప్రాజెక్టులో చాలా అవస్థపడ్డాను.

సేవ నాణ్యతని కొలవడానికి 1988లో వచ్చిన సర్వ్‌క్వాల్ నమూనాని బట్టీ కొట్టొద్దు. నమ్మకం, భరోసా, కంటికి కనిపించే వసతులు, సహానుభూతి, చురుకుదనం: ఈ అయిదింటితో మీకు తెలిసిన ఒక హెల్ప్‌డెస్క్‌ని మీరే కొలవండి. ఏం ఆశించారో ముందే రాసుకోండి, ఏం దక్కిందో తర్వాత. ఆ తేడాలోనే ఉంది పాఠమంతా.

నెట్ ప్రమోటర్ స్కోరు తేలికే: మా సంస్థని ఇతరులకు ఎంతవరకు సిఫారసు చేస్తారో 0 నుంచి 10 వరకు మార్కు వేయమని కస్టమర్లని అడుగుతారు; మొత్తం జవాబుల్లో 9, 10 ఇచ్చినవారి శాతంలోంచి 0 నుంచి 6 ఇచ్చినవారి శాతం తీసేయాలి. నాకైతే 7, 8 ఇచ్చినవాళ్లతోనే మాట్లాడాలనిపిస్తుంది.

ఇంటర్న్‌షిప్ మాత్రం ఫోన్లు ఎత్తే చోటే చేయండి. రోజూ ఒక ఫిర్యాదు రాసుకోండి: ఏం అడిగారు, అసలు ఏం కావాలి అని.