స్టేజి మీద పాట పాడైపోతోందా? సమస్య - పరిష్కారం

విజయనగరం, శ్రీకాకుళం వైపు దసరా మొదలుకొని త్యాగరాజ ఆరాధనలయ్యేదాకా ఏదో ఒక గుళ్ళోనో పందిట్లోనో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, ఇంటర్ చదివే పిల్లలు. వాళ్ళ పక్కన మృదంగం పెట్టుకుని కూర్చునేది నేను. ఎదురుగా ఉన్న జనానికి కనపడనివి పక్కన కూర్చున్నవాడికి కనపడతాయి, తాళం వేసే చెయ్యి ఎక్కడ బిగుసుకుంది, ఊపిరి ఎక్కడ మింగేశారు, శ్రుతి పెట్టె (పాటకి ఆధార స్వరం మోగించేది) వైపు ఎన్నిసార్లు తలతిప్పారు. కిందకి దిగాక మాత్రం అందరిదీ ఒకటే మాట, "భయం వేసేసిందండీ మేష్టారూ". చాలామంది విషయంలో అది భయం కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

పాట రాకుండా స్టేజి ఎక్కేవాళ్ళ గురించి నేనేం చెప్పట్లేదు. పాట వచ్చు, తాళం తప్పదు, ఇంట్లో బ్రహ్మాండంగా వస్తాది, అక్కడికెళ్తే మాత్రం పోతాది అనేవాళ్ళకే ఇదంతా.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెయ్యరు. ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టి మైకు లేకుండా మొత్తం పాట పాడండి. నలుగురంటే అమ్మ, చెల్లి కాదు, మీకు కాస్త బెరుకున్నవాళ్ళు, కాలనీలో సంగీతం నేర్చుకున్న పిన్నిగారో, ఆఫీసులో పై అధికారో. మధ్యలో ఆగకూడదు, తప్పొచ్చినా మళ్ళీ మొదటికి వెళ్ళకూడదు. అక్కడ కూడా చేతులు వణికి గొంతు పట్టేస్తే అది భయమే, దానికి ఉపాయాలున్నాయి, కింద చెప్తాను. అక్కడ బాగా వచ్చి మైకు ముందు కూర్చున్నప్పుడే పాడైపోతోందంటే మాత్రం మీరు వెతకాల్సింది గుండెలో కాదు, చెవిలో. ఈ ఒక్క పరీక్ష చెయ్యక ఏళ్ళ తరబడి ప్రాణాయామాలు చేసుకుంటూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

చేతులు చల్లబడిపోతున్నాయి, వయొలిన్ కమాను వణుకుతోంది

భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తం వేళ్ళ కొసల్నించి పెద్ద కండరాల వైపు వెళ్ళిపోతుంది, అందుకే వేళ్ళు చల్లబడతాయి. అయితే ముందు చూసుకోవాల్సింది బయట చలి ఉందా అని. ఆరాధన పుష్య మాసంలో వస్తుంది, పొద్దున్నే గుడి మంటపంలో రాతి మీద కూర్చుంటే భయం లేనివాడికి కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి, తుడుచుకుని, వాయించబోయే ముందు దాకా శాలువాలో ఉంచుకోండి. ఏసీ హాలైనా అంతే.

వణుకు ఎక్కువగా బయటపడేది నిదానంగా లాగే పొడుగు కమానులో, అలాగే గొంతులో అయితే నిలిపి పాడే పొడుగు స్వరంలో. కాబట్టి విలంబంలో (నెమ్మది నడకలో) ఉన్న కీర్తనతో మొదలెట్టకండి. బాగా నలిగిన వర్ణం (కచేరీ మొదట్లో వచ్చే పాట) ఒకటి మధ్యమ కాలంలో వాయించెయ్యండి, అది అయ్యేసరికి చెయ్యి దారిలోకి వస్తాది. ఊపిరి సంగతి అందరికీ తెలిసిందే కానీ తిరగేసి చేస్తుంటారు, గట్టిగా పీల్చుకుంటే లాభం లేదు, వదలడం పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు వదలండి, అలా ఒక రెండు నిమిషాలు.

నోరెండిపోతోంది, పై షడ్జం (పై 'స') అందట్లేదు

గోరువెచ్చటి నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగండి, స్టేజి ఎక్కే ముందు కాఫీ వద్దు. గొంతు బిగుసుకుంటుందని ముందే తెలుసు కాబట్టి ఆ రోజుకి శ్రుతి అర కట్ట (పాడే ఎత్తులో ఒక చిన్న మెట్టు) దించుకోండి, ఐదున్నరలో పాడేవాళ్ళు ఐదుకి పెట్టుకుంటే పోయేదేం లేదు. ఒక్కటే, ఆ మాట ముందురోజే పక్కవాద్యాలవాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి. మృదంగం ఫోను కాదు కదా, బటన్ నొక్కితే శ్రుతి మారదు, మీ శ్రుతిని బట్టి వేరే మృదంగం పట్టుకురావాలి మేము. స్టేజి మీద కూర్చున్నాక "మేష్టారూ ఇవాళ ఐదండీ" అంటే నేను రాయి పట్టుకుని కొడుతూ కూర్చోవాలి, అదంతా చూసి మీ కంగారు ఇంకా పెరుగుతుంది.

పాట పరిగెడుతోంది

ఇది అచ్చమైన భయం లక్షణం. గుండె వేగానికి ఎత్తుగడ వేగం కలిసిపోతుంది. పల్లవి తలుచుకుని వేగం పెట్టుకోకండి, ఆ పాటలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఉంటుంది కదా, చరణంలో మాటలు ఎక్కువున్న లైనో, చిట్టస్వరమో, దాన్ని మనసులో ఒకసారి పాడుకుని ఆ వేగంలోనే పల్లవి ఎత్తండి.

సాహిత్యం మర్చిపోతున్నాను

రోజూ పల్లవి నుంచే సాధన చేస్తారు, తప్పొస్తే మళ్ళీ పల్లవికే వెళ్తారు, అందువల్ల పల్లవి ఎన్నోసార్లు నలుగుతుంది, చరణం అందులో నాలుగో వంతు కూడా నలగదు. చరణం నుంచి మొదలెట్టి పాడటం అలవాటు చేసుకోండి, చరణంలో మూడో లైను నుంచి కూడా. కాగితం పెట్టుకోవడం తప్పేం కాదు, పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, ఫోన్లో చూసి పాడితే మాత్రం సరిగ్గా అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) దగ్గరే స్క్రీన్ ఆరిపోతాది.

మొదట బాగానే ఉంది, కాసేపటికి అంతా పాడైపోయింది

అసలు సంగతి ఇది. వర్ణం బాగానే వస్తుంది. రెండో కీర్తన అనుపల్లవిలో పైకి వెళ్ళేసరికి గొంతు బలంగా తోయడం మొదలవుతుంది, శ్రుతి తేలిపోతుంది, వయొలిన్ ఆయన మెల్లగా మీటి చూపిస్తాడు, పాడేవాళ్ళు అటు చూస్తారు, తాళం వెనకబడుతుంది, ముఖం ఎర్రబడుతుంది, చెమటలు, ఇంక గుండె దడ. చూసేవాళ్ళందరికీ ఇది భయమే. పాడేవాళ్ళకి కూడా భయమే అనిపిస్తుంది, ఎందుకంటే దడ నిజంగానే ఉంది. కానీ వరస చూడండి, ముందు శ్రుతి పోయింది, దడ తర్వాత వచ్చింది. భయమైతే దడ ముందొచ్చి, ఎక్కగానే ఉండి, రెండో పాటకి తగ్గాలి.

తాళం కూడా చెప్తాది. భయపడినవాళ్ళ పాట పరిగెడుతుంది. తమ గొంతు తమకి వినపడనివాళ్ళ పాట ఈడుస్తుంది. మృదంగం ముందు కూర్చుంటే ఈ తేడా మొదటి రెండు ఆవర్తాల్లోనే (తాళం రెండు చుట్లలోనే) తెలిసిపోతాది.

ఎందుకు వినపడదంటే, మన పందిళ్ళలో మైకుసెట్టు అంతా జనం వైపు తిప్పి ఉంటుంది, అది సహజమే. పాడేవాళ్ళు ఆ బాక్సుల వెనక కూర్చుంటారు. శ్రుతి ఫోన్లో తంబురా యాప్‌లో పెట్టి తివాచీ మీద పడేస్తారు, ఆ చిన్న స్పీకరు శబ్దం నా మృదంగం మొదటి దెబ్బకే మునిగిపోతుంది. శ్రుతి వినపడనప్పుడు మనిషి గట్టిగా పాడతాడు, చుట్టూ గోల ఉంటే గొంతు పెంచడం మనం అనుకుని చేసేది కాదు, దానంతటదే జరిగిపోతుంది. గట్టిగా పాడితే ఊపిరి అయిపోతుంది. ఊపిరి అయిపోతే ఒళ్ళు దాన్ని ప్రమాదం అనుకుంటుంది. అక్కణ్ణించి మొదలవుతుంది అసలు భయం.

దీనికన్నా కనిపెట్టడం కష్టమైనది ఇంకోటి, ఆలస్యంగా తిరిగొచ్చే సౌండు. సౌండు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. మీకు 17 మీటర్ల దూరంలో గోడ ఉంటే మీ గొంతు అక్కడ తగిలి మళ్ళీ మీ చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు పడుతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, సెకనుకి నాలుగు స్వరాలు పాడుతుంటే ఒక్కో స్వరానికి పావు సెకను, అందులో ఈ ఆలస్యం సగానికి దగ్గర. దగ్గరున్న సౌండు సరిగ్గా వినపడక, ఈ వెనకొచ్చేది మాత్రమే గట్టిగా వినపడితే నోరు తడబడుతుంది, ఎంత సాధన ఉన్నవాళ్ళకైనా సరే. దాని మీద మైకుసెట్టు అబ్బాయి భజనలకి పెట్టిన ఎకో అలాగే ఉంచేస్తే ఇంక చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం దగ్గర ఒక ఊళ్ళో నవరాత్రుల పందిట్లో ఒక టీచరమ్మ పాడేవారు. ఇంట్లో వింటే కళ్ళు మూసుకుని వినాలనిపించే గొంతు. పందిట్లో మాత్రం ప్రతి ఏడూ రెండో పాటకి తడబడేవారు, చుట్టాలందరూ "నీకు జనం అంటే బెరుకమ్మా" అని తేల్చేశారు, ఆవిడ నమ్మేశారు కూడా, పాడటం మానేద్దామనే దాకా వచ్చారు. ఆ రోజు నేను ఆవిడ చేతినే చూస్తూ వాయించాను. తొడ మీద దెబ్బ పడాల్సిన చోటికి వచ్చి, గాలిలో ఒక్క క్షణం ఆగి, అప్పుడు పడుతోంది. ఎడమ భుజం చెవి వైపు లేస్తోంది, ఏదో వినడానికన్నట్టు. భయపడ్డ చెయ్యి అలా ఆగదు, తొందరపడుతుంది. పాట అయ్యాక నేను ఆవిడ చోట్లో కూర్చుని చప్పట్లు కొట్టి చూశాను. ఎదురుగా రోడ్డు అవతల కరెంటు స్తంభానికి హారన్ ఒకటి కట్టారు, ఊరికి వినపడాలని. ముందు నా చప్పుడు, తర్వాత ఆ హారన్లోంచి నా చప్పుడే ఇంకోసారి, శుభ్రంగా రెండు. ఆవిడ అన్నేళ్ళుగా ఆ రెండోదాని కోసం ఆగి పాడుతున్నారు.

మర్నాడు చేసింది ఇంతే. "బావూ, పాట అయ్యేదాకా ఆ హారన్ లైను తీసెయ్" అన్నాం, తీసేశాడు. ఎకో సున్నాకి తిప్పించాం. పక్కన ఊరికే పడున్న చిన్న బాక్సు తెచ్చి ఆవిడ ముందు ఒక మీటరు దూరంలో, ముఖం వైపు తిప్పి పెట్టించాం, అందులో శ్రుతి, ఆవిడ గొంతు, అంతే, మృదంగం అక్కర్లేదు, నేను పక్కనే ఉన్నాను కదా. అదే కీర్తన పాడారు. చెయ్యి గాలిలో ఆగలేదు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి, సౌండు సరైనంత మాత్రాన ఏళ్ళనాటి బెరుకు ఒక్కరోజులో పోదు. పాడైపోతుందేమో అని ఒంటికి అలవాటైపోయి ఉంటుంది. నాలుగైదు కచేరీలు చక్కగా వినపడుతూ జరిగితే అదీ వదిలేస్తుంది.

మీ వరకు చెయ్యాల్సింది, కచేరీకి అరగంట ముందు వెళ్ళి మీరు కూర్చోబోయే చోట్లోనే కూర్చోండి, స్టేజి మెట్ల దగ్గర నిలబడి చూస్తే తెలీదు. శ్రుతి పెట్టించి, మృదంగం వాయిస్తుండగా, పై షడ్జం దాకా వెళ్ళే ఒక లైను పాడండి. "హలో హలో మైక్ టెస్టింగ్" అంటే జనానికి వినపడుతోందో లేదో తెలుస్తుంది, మీకు వినపడుతోందో లేదో తెలీదు. మీ వైపు తిప్పిన అలాంటి చిన్న బాక్సు (మానిటర్) లేదంటే తంబురా యాప్‌ని ఒక చెవికి ఇయర్‌ఫోన్లో పెట్టుకోండి, రెండో చెవి ఖాళీగా ఉంచండి. తంబురా నిలకడగా మోగేదే కాబట్టి బ్లూటూత్‌లో కాస్త ఆలస్యమైనా ఇబ్బంది లేదు. ఫోన్ మాత్రం ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే ఆలాపన మధ్యలో కాల్ వచ్చి శ్రుతి ఆగిపోతుంది. అది కూడా కుదరకపోతే మైకు సౌండు తగ్గించమని అడగండి, మీ సొంత గొంతు మీ చెవికి నేరుగా అందుతుంది. మైకుసెట్టు అబ్బాయిని అడగడానికి మొహమాటపడకండి, పేరు పెట్టి పిలిచి, ముందే ఒక టీ ఇప్పించి అడిగితే కాదనేవాణ్ణి నేను చూడలేదు.

ముందు వరసలో సంగీతం తెలిసినవాళ్ళున్నారు

విజయనగరంలో ఇది తప్పదు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు, అక్కడ చదివినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ముందు కుర్చీల్లో కూర్చుని తాళం వేస్తుంటారు. ఆ చేతులు చూడకండి, చూస్తే మీ తాళం పోతుంది, వాళ్ళలో ఒకరు తప్పేసినా మీరు తప్పినట్టే అనిపిస్తుంది. వెనక వరసలో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న ఆవిణ్ణి చూసి పాడండి. తెలిసినవాళ్ళకి పాట కష్టం కూడా తెలుసు, కచేరీ అయ్యాక వెళ్ళి ఒక్క మాట అడిగితే ఎంతో ఓపిగ్గా చెప్తారు.

మిగతావి

వీణ ఎండలో కారులో ఉంచితే మెట్ల కింది మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, స్వరం తేడాగా పలుకుతుంది, అది మీ వేళ్ళ తప్పు కాదు, వీణ నీడలో ఉంచండి. కొంతమంది వణుకు తగ్గడానికి ప్రొప్రానలాల్ లాంటి మాత్ర వేసుకుంటారు, డాక్టరు రాయకుండా ఎవరో చెప్పారని వేసుకోవద్దు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం. స్టేజి లేనప్పుడు కూడా, బస్సులోనో వంటింట్లోనో ఊరికే దడ వచ్చేస్తోందంటే అది సంగీతానికి సంబంధించింది కాదు, డాక్టరుకి చూపించుకోండి.